డోలోరెస్ డెల్ రియోకి నాలుగు లైన్లేనా?

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం అనుబంధంలో పాతకాలపు హాలీవుడ్ అందగత్తెల మీద మీరు రెండు పేజీలు వేశారు. అందులో డోలోరెస్ డెల్ రియోకి ఒక చిన్న బాక్సు కట్టారు. స్పెయిన్ నటి అన్నారు, మూకీల కాలంలో వెలిగిపోయింది అన్నారు, టూ పీస్ స్విమ్‌సూట్‌లో తెర మీద కనిపించిన తొలి నటీమణుల్లో ఒకర్తె అన్నారు, తర్వాత ముగ్గురు భర్తలు, అమెరికన్ డైరెక్టర్ ఆర్సన్ వెల్స్‌తో ప్రేమాయణం, అంతే. నాలుగు లైన్లు. ఇంకో సంగతి కూడా నా కంటపడింది. అదే బాక్సులో వెల్స్ గురించి ‘తీశారు’, ‘చెప్పారు’ అని రాసిన మీవాళ్లు ఆవిడ గురించి మాత్రం ‘వెళ్లింది’, ‘చేసుకుంది’ అని రాశారు. ఆవిడ ఆయనకంటే పదేళ్లు పెద్ద, ఆయన తన మొదటి సినిమా షూటింగు మొదలుపెట్టేనాటికి ఆవిడకి పదిహేనేళ్ల అనుభవం ఉంది. నాకు చాలా బాధేసింది, అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను. మొత్తం వేయకపోయినా పర్వాలేదు, మీరు మాత్రం పూర్తిగా చదవండి.

నేను బ్యాంకులో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. సినిమా చదువులేమీ చదవలేదు. కొన్నేళ్ల కిందట మా అమ్మాయి ఇంట్లో ఉన్నప్పుడు తను ఆఫీసు పనిలో ఉంటే లాప్‌టాప్‌లో ఏదో వెతుక్కుంటూ ‘మరియా కాండెలారియా’ అనే పాత మెక్సికన్ సినిమా పెట్టుకున్నాను. నలుపు తెలుపు, భాష స్పానిష్, కింద ఇంగ్లిష్ అక్షరాలు. పది నిమిషాలు చూసి ఆపేద్దామనుకున్నదాన్ని చివరిదాకా కదల్లేదు, అయిపోయాక ఎవరీవిడ అని వెతకడం మొదలుపెట్టి ఇప్పటికీ ఆవిడ సినిమా ఏది దొరికినా చూస్తూనే ఉన్నాను.

ముందు ఆ తప్పు దిద్దండి. ఆవిడది స్పెయిన్ కాదు, మెక్సికో. ఉత్తరాన ఉన్న దురాంగోలో 1904 ఆగస్టు 3న పుట్టారు. తండ్రి అక్కడి బ్యాంకుకి డైరెక్టర్, తల్లి వైపు వాళ్లు పెద్ద భూస్వాములు. ఆవిడకి ఆరేళ్లప్పుడు, 1910లో, మెక్సికోలో విప్లవం మొదలైంది, కలిగిన కుటుంబాలన్నీ చెల్లాచెదురైపోయాయి. తండ్రి అమెరికా వైపు పారిపోతే, తల్లీ కూతుళ్లు పల్లెటూరి కూలివాళ్ల వేషం వేసుకుని రైలెక్కి మెక్సికో సిటీ చేరారని చెబుతారు. ఆ వేషం సంగతి గుర్తుంచుకోండి, దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

పదహారేళ్లకే పెళ్లి చేశారు. భర్త హైమె మార్తీనెజ్ డెల్ రియో వయసులో చాలా పెద్దవాడు, యూరప్‌లో చదువుకున్నవాడు. మనకి తెలిసిన ‘డెల్ రియో’ ఆయన ఇంటిపేరే. పత్తి వ్యాపారంలో నష్టాలొచ్చి వాళ్లు ఇబ్బందుల్లో ఉన్నప్పుడు, 1925లో ఎడ్విన్ కెర్యూ అనే హాలీవుడ్ డైరెక్టర్ మెక్సికో సిటీకి వచ్చి ఆవిడ డాన్సు చూసి సినిమాల్లోకి రమ్మని అడిగారు. అలాంటి ఇళ్ల ఆడవాళ్లు సినిమాల్లో వేయడమంటే బంధువులకి తలవంపులు. అయినా ఆవిడ వెళ్లారు. మూడేళ్లు తిరిగేసరికి పెద్ద స్టార్ అయ్యారు, అదే 1928లో భర్తతో విడాకులు అవడం, ఆ ఏడాది చివర్లో ఆయన జర్మనీలో చనిపోవడం కూడా జరిగిపోయాయి. మీ బాక్సులో ‘మొదటి భర్త’ అని ఒక్క మాటతో తేల్చేసింది ఈ మనిషినే.

హాలీవుడ్ వాళ్లు ఆవిడ చేత ఏ వేషాలు వేయించారో ఒకసారి చూడండి. 1926లో ‘వాట్ ప్రైస్ గ్లోరీ’లో ఫ్రెంచ్ అమ్మాయి, 1927లో టాల్‌స్టాయ్ నవల ఆధారంగా తీసిన ‘రిసరెక్షన్’లో రష్యన్ కత్యూష, 1932లో ‘బర్డ్ ఆఫ్ పారడైజ్’లో దక్షిణ సముద్రపు దీవుల పిల్ల, 1933లో ‘ఫ్లయింగ్ డౌన్ టు రియో’లో బ్రెజిల్ అమ్మాయి. ఎక్కడో దూరదేశపు స్త్రీ కావాలంటే ఆవిడ్ని పిలిచేవాళ్లు, పక్కింటి అమ్మాయి కావాలంటే పిలిచేవాళ్లు కాదు. మూకీ రోజుల్లో యాసతో పనిలేదు కాబట్టి సరిపోయింది, టాకీలు వచ్చాక ఆ గీత ఇంకా గట్టిపడింది. మీరు చెప్పిన స్విమ్‌సూట్ ఆ బ్రెజిల్ సినిమాలోదే. హాలీవుడ్‌లో పేరుమోసిన డాన్సు జంట ఫ్రెడ్ అస్టేర్, జింజర్ రోజర్స్ మొదటిసారి కలిసి డాన్సు చేసింది కూడా అందులోనే, కానీ ఆ సినిమాకి మొదటి పేరు డెల్ రియోది, వాళ్లిద్దరివీ తర్వాత పేర్లు. ఇది రాసి ఉంటే చదివినవాళ్లకి ఒక కొత్త సంగతి తెలిసేది కదా.

1928లో వచ్చిన ఆవిడ సినిమా ‘రమోనా’ గురించి ఒక మాట. ఆ పేరుతో ఉన్న పాటని ఆవిడే పాడి రికార్డు ఇచ్చారు. ఆ సినిమా ప్రింట్లన్నీ పోయాయనే చాలా కాలం అనుకున్నారు. ఆఖరికి చెక్ దేశపు ఫిల్మ్ ఆర్కైవ్‌లో ఒక ప్రింటు బయటపడితే బాగుచేసి 2014లో మళ్లీ తెర మీద వేశారు. మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ ప్రింటే మనకి మిగల్లేదు, సురభి కమలాబాయి గారు లీలావతిగా ఎలా చేశారో చూసే భాగ్యం మనకి లేదు. అందుకే ఎక్కడో ఒక సినిమా దొరికిందంటే మనింట్లో పోయిన వస్తువు దొరికినంత సంతోషం కలిగింది నాకు.

1938 మేలో అమెరికాలో సొంత థియేటర్లు నడుపుకునే యజమానుల సంఘం ఒకటి సినిమా పత్రికలో ప్రకటన వేసి, ఈ తారల సినిమాలు వేస్తే మాకు నష్టమే అని పేర్లతో సహా చెప్పింది. గ్రెటా గార్బో, జోన్ క్రాఫర్డ్, కేథరిన్ హెప్‌బర్న్, మార్లిన్ డీట్రిచ్‌లతో పాటు డెల్ రియో పేరు కూడా అందులో ఉంది. హెప్‌బర్న్ అక్కడే నిలదొక్కుకున్నారు, ఎందుకంటే అది ఆవిడ దేశం, ఆవిడ భాష. డెల్ రియోకి ఆ వెసులుబాటు లేదు. వేషాలు తగ్గిపోయాయి. 1941లో రెండో భర్త సెడ్రిక్ గిబ్బన్స్‌తో విడాకులు, ఆ తర్వాత తండ్రి మరణం, వెల్స్‌తో బంధం కూడా తెగిపోవడం, అన్నీ రెండేళ్లలో ముగిసిపోయాయి. అప్పటికి ఆవిడకి 38 ఏళ్లు. ఆ వయసులో హీరోయిన్‌కి పని అయిపోయిందని ఇప్పటికీ మన ఇండస్ట్రీలో ఎవరూ సిగ్గుపడకుండా అంటారు, ఎనభై ఏళ్ల కిందట ఏమనుకుని ఉంటారో చెప్పనక్కర్లేదు. ఆవిడ సామాను సర్దుకుని మెక్సికో వెళ్లిపోయారు. స్టార్‌గా ఉండటం మానేసి నటిని అవుదామనుకున్నాను, అది మెక్సికోలోనే కుదురుతుంది అనే అర్థంలో తర్వాత చెప్పుకున్నారు.

మీ బాక్సు ఇక్కడికి రాకముందే ఆగిపోయింది. నా దృష్టిలో అసలు కథ మొదలయ్యేది ఇక్కడే.

వెళ్లిన సమయం కూడా కలిసొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో మెక్సికో 1942లో మిత్రపక్షాల వైపు చేరింది, అందుకని అమెరికా నుంచి ముడి ఫిల్ము వాళ్లకి బాగానే అందింది. ఎటూ చేరని అర్జెంటీనాకి ఫిల్ము కరువైంది. అంతవరకూ స్పానిష్ భాషా సినిమాల్లో ఆ రెండు దేశాలకీ పోటీ, దాంతో మెక్సికో ముందుకి దూసుకుపోయింది. అదే యుద్ధకాలంలో మన దగ్గర ముడి ఫిల్ముకి రేషన్ పెట్టి సినిమా నిడివి 11,000 అడుగులు దాటకూడదని ఆంక్ష విధించారు. ఒక్క ఫిల్ము రీళ్ల లెక్క ఒక దేశపు సినిమాని అటో ఇటో తిప్పేయగలదని చదివినప్పుడు నాకు చాలా ఆశ్చర్యమేసింది.

అక్కడ ఆవిడకి ఒక జట్టు దొరికింది. డైరెక్టర్ ఎమీలియో ఫెర్నాండెజ్, కెమెరామన్ గాబ్రియేల్ ఫిగెరోవా, రచయిత మౌరీసియో మగ్దలేనో, హీరో పెద్రో అర్మెందారిజ్. హాలీవుడ్‌లో పదిహేడేళ్లు ఉండి వచ్చిన స్టార్, ఇంకా పేరు స్థిరపడని డైరెక్టర్ చేతిలో తనని పెట్టడం చిన్న విషయం కాదు. మొదటి సినిమా 1943లో ‘ఫ్లోర్ సిల్వెస్ట్రె’, అంటే అడవి పువ్వు. జమీందారు కొడుకు ఒక పేద రైతు ఇంటి పిల్లని రహస్యంగా పెళ్లి చేసుకుంటాడు, విప్లవం వస్తుంది, అతన్ని గోడకి నిలబెట్టి కాల్చేస్తారు. ఆ పేదింటి పిల్ల వేషం ఆవిడది. ఇందాక చెప్పిన కూలి వేషం ఇక్కడ గుర్తు చేసుకోండి. అదే విప్లవంలో ప్రాణభయంతో కూలివాళ్ల బట్టలు కట్టుకుని రైలెక్కిన జమీందారుల ఇంటి పిల్ల, ముప్ఫై ఏళ్ల తర్వాత ఆ కూలివాళ్ల వైపు నిలబడి కథ చెబుతోంది. చివర్లో బిడ్డని చంకనేసుకుని భర్తని వదిలిపెట్టమని వాళ్ల కాళ్లా వేళ్లా పడే సీన్‌లో ఆవిడ ముఖంలో అందం గురించి ఆలోచన ఒక్క క్షణం కూడా కనిపించదు. హాలీవుడ్‌లో అన్నేళ్లపాటు ఆ ముఖాన్ని లైట్ల కింద బొమ్మలా నిలబెట్టారు, ఇక్కడ అదే ముఖం దుమ్ము కొట్టుకుపోయి ఉంటుంది.

తర్వాత ‘మరియా కాండెలారియా’. మెక్సికో సిటీకి దక్షిణాన సోచిమిల్కో అని కాలవల ఊరుంది, నీళ్ల మధ్య మట్టి పోసి కట్టిన మడుల్లో పూలూ కూరగాయలూ పండించి పడవల మీద తీసుకెళ్లి అమ్ముకుంటారు. కోనసీమ కాలవలు చూసి పెరిగినదాన్ని కాబట్టి మొదటి దృశ్యానికే నా ప్రాణం లేచొచ్చింది. కథ 1909 నాటిది. మరియా తల్లి ఒళ్లమ్ముకుని బతికిందని ఊరంతా ఆమెని వెలేస్తారు, ఆమె పూలు ఎవరూ కొనరు. లోరెంజో రఫాయెల్ అనే అతనొక్కడే తోడు. ఇద్దరికీ ఉన్నదల్లా ఒక పందిపిల్ల, అది పెరిగి ఈనితే ఆ డబ్బుతో పెళ్లి చేసుకుందామనుకుంటారు. కొట్టు నడిపే దోన్ దామియాన్‌కి ఆమె మీద కన్ను, బాకీ ఉందనే వంకతో వేధిస్తూ ఆ పందిపిల్లని కాల్చి చంపేస్తాడు. ఆమెకి మలేరియా వస్తే, సర్కారు ఊరికే పంచమని ఇచ్చిన క్వినైన్ కూడా ఇవ్వడు. లోరెంజో కొట్టు పగలగొట్టి మందుతోపాటు పెళ్లికని ఒక గౌను కూడా తీసుకొస్తాడు, పెళ్లి రోజే జైలుకి పోతాడు. అతన్ని విడిపించే డబ్బు కోసం ఆమె ఒక చిత్రకారుడి ముందు కూర్చుంటుంది, బట్టలు విప్పమంటే ఒప్పుకోదు. అతను ముఖం ఈమెది వేసి ఒళ్లు ఇంకొకామెని చూసి పూర్తి చేస్తాడు. ఆ బొమ్మ ఊరివాళ్ల కంటపడుతుంది. గుడిసె తగలబెట్టి, కాగడాలతో తరిమి, రాళ్లతో కొట్టి చంపేస్తారు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, ఒక ఆడమనిషి బొమ్మ చూసి ఆమె జీవితం మీద తీర్పు చెప్పేసే జనం గురించిన సినిమా అది. మీ బాక్సులో వేసింది ఆ స్విమ్‌సూట్ ఫొటోనే. నేను ఇంతకంటే విడమర్చి చెప్పలేను.

ఈ సినిమాకి లోపాలు లేవని నేననను. తెల్లగా ఉండే భూస్వామి కుటుంబపు మనిషి, 39 ఏళ్ల వయసులో, ఆదివాసి కన్నెపిల్ల వేషం వేయడం ఏమిటని అడగాల్సిందే. ఆదివాసుల చేత పిల్లల్లా ముద్దుముద్దు స్పానిష్ మాట్లాడించడం, వాళ్లని మరీ అమాయకుల్లా చూపించడం ఇవాళ చూస్తే ఇబ్బందిగా ఉంటుంది. మన సినిమాల్లో తెల్లటి హీరోయిన్‌కి నల్లరంగు పూసి గూడెం పిల్ల అనిపించినప్పుడు నాకు ఎంత కష్టంగా ఉంటుందో ఇది చూస్తున్నప్పుడు కూడా కొంత అలాగే అనిపించింది. కానీ చెప్పులు లేకుండా, జడలేసుకుని, తల దించుకుని నడిచే ఆ నడక, మాట్లాడకుండా కళ్లతోనే భయపడటం, ఊరివాళ్లు దారికి అడ్డం నిలబడినప్పుడు పడవలో ఆవిడ నిటారుగా నిలబడే తీరు, ఇవి ఎవరో నేర్పితే వచ్చేవి కావు. ఆఖరున ఆమె శవాన్ని పూలతో కప్పి, అదే కాలవలో లోరెంజో ఒక్కడే పడవ నడుపుకుంటూ వెళ్తాడు. ఫిగెరోవా కెమెరా దూరం నుంచి చూస్తూ ఉండిపోతుంది. ఊళ్లో ఎవరూ కొనని పూలు అవి.

1946లో మొదటి కాన్ ఫిల్మ్ ఫెస్టివల్ జరిగినప్పుడు పెద్ద బహుమతిని 11 సినిమాలకి పంచారు. అందులో ‘మరియా కాండెలారియా’ ఒకటి, మన చేతన్ ఆనంద్ తీసిన ‘నీచా నగర్’ ఇంకొకటి. మే నెల వచ్చి కాన్ హడావిడి మొదలైతే చాలు, ‘నీచా నగర్’ గురించి మన పత్రికలన్నీ గర్వంగా రాస్తాయి, రాయాలి కూడా, రవిశంకర్ సంగీతం, కామినీ కౌశల్ మొదటి సినిమా. కానీ దాని పక్కనే నిలబడి అదే బహుమతి అందుకున్న ఈ మెక్సికన్ సినిమా పేరు తెలుగులో ఎక్కడా నా కంటపడలేదు. రెండు సినిమాల్లోనూ జబ్బుంది, మురికి రాజకీయం ఉంది, మందుని అడ్డం పెట్టుకుని పేదవాళ్లని లొంగదీసుకునే మనిషి ఉన్నాడు. ఎవరైనా ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి మీ పత్రికలో రాస్తే ఎంత బాగుంటుంది.

తర్వాత కూడా ఆవిడ ఆగలేదు. ‘లాస్ అబాందొనాదాస్’, ‘దోన్యా పెర్ఫెక్తా’, ‘ఎల్ నీన్యో ఇ లా నియెబ్లా’, ఈ మూడింటికీ మెక్సికోలో అన్నిటికంటే పెద్దదైన అరియెల్ అవార్డు, ఉత్తమ నటిగా. ఇంకో పెద్ద మెక్సికన్ తార మరియా ఫెలిక్స్‌కీ ఈవిడకీ పడదని పత్రికలు ఏళ్ల తరబడి రాసుకున్నాయి, 1959లో ఇద్దరూ ‘లా కుకరాచా’లో కలిసి చేశారు. 1954లో ‘బ్రోకెన్ లాన్స్’ అనే హాలీవుడ్ సినిమాకి పిలిస్తే అమెరికా ఆవిడకి వీసా ఇవ్వలేదు. స్పెయిన్‌లో నియంత ఫ్రాంకో నుంచి తప్పించుకు వచ్చిన శరణార్థులకి సాయం చేశారని, కమ్యూనిస్టుల వైపు మనిషని అనుమానం. ఆ వేషం కేటీ హురాడోకి వెళ్లింది. హురాడో ఎంత బాగా చేశారంటే ఆస్కార్ నామినేషన్ వచ్చింది, లాటిన్ అమెరికా నటికి ఆ నామినేషన్ రావడం అదే మొదటిసారి. వీసాకి వెళ్లి తిరస్కరణ ముద్ర వేయించుకుని బయటికి వచ్చే మన పిల్లల ముఖాలు కాన్సులేట్ బయట చూశాను కాబట్టి, పదిహేడేళ్లు ఆ దేశంలో పనిచేసి పేరు తెచ్చుకున్న మనిషిని గుమ్మంలో ఆపేశారంటే ఆవిడ ఎంత నొచ్చుకుని ఉంటారో ఊహించగలను. తర్వాత 1960లో ‘ఫ్లేమింగ్ స్టార్’లో ఎల్విస్ ప్రెస్లీకి తల్లిగా హాలీవుడ్ తెర మీదకి మళ్లీ వచ్చారు.

నాకు అన్నిటికంటే ఎక్కువ నచ్చిన పని సినిమాలోది కాదు. వయసు మీదపడ్డాక ఆవిడ మెక్సికో సిటీలో నటీనటుల పిల్లల కోసం ఒక సంరక్షణ కేంద్రం పెట్టించి, 1970ల్లో దాన్ని దగ్గరుండి నడిపారు. షూటింగులకీ నాటకాలకీ వెళ్లే తల్లులు పిల్లల్ని అక్కడ వదిలి పనికి వెళ్లొచ్చు. ఆవిడకి పిల్లలు లేరు. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు మా అమ్మాయికి ఎనిమిది నెలలు, మా బ్రాంచిలో ఆడవాళ్లం నలుగురం, పిల్లని ఎక్కడ పెట్టాలన్న టెన్షన్‌తో ఒకావిడ రాజీనామా ఇచ్చేసింది. మా అమ్మ వచ్చి మాతో ఉండబట్టి నేను నిలబడ్డాను. క్రెష్ పెట్టమని మేము ఇచ్చిన అర్జీకి ఆ రోజుల్లో జవాబు కూడా రాలేదు. తనకి పిల్లలు లేకపోయినా సాటి నటీమణుల ఇబ్బంది గమనించి అంత శ్రమ పడిన మనిషి గురించి ముగ్గురు భర్తలు అని రాసి ఊరుకోవడం న్యాయమేనా చెప్పండి.

ఆవిడ 1983 ఏప్రిల్ 11న కాలిఫోర్నియాలో చనిపోయారు, 78 ఏళ్లు. అదే రోజు రాత్రి లాస్ ఏంజెలిస్‌లో ఆస్కార్ వేడుక జరిగింది, ‘గాంధీ’ సినిమాకి దుస్తులు సిద్ధం చేసిన భాను అథయ్య గారు ఆస్కార్ అందుకున్న తొలి భారతీయురాలు అయింది ఆ రాత్రే. ఆ తేదీ మనవాళ్లు చాలామందికి గుర్తుంటుంది, ఇక మీదట ఈవిడ కోసం కూడా గుర్తుంచుకుంటారని ఆశ.

నేను అడిగేది మూడు సంగతులు. స్పెయిన్ అన్న తప్పుని వచ్చే ఆదివారం దిద్దండి. నటీమణుల గురించి రాసేటప్పుడు వాళ్లు చేసిన సినిమాల పేర్లు, సంవత్సరాలు, ఎవరితో పనిచేశారన్నది ముందు రాసి, పెళ్లిళ్ల సంగతి చోటుంటే తర్వాత రాయండి, ‘చేశారు’ అనే రాయండి. డెల్ రియో మీద తెలిసినవాళ్ల చేత ఒక పూర్తి వ్యాసం రాయించండి, ఫొటో కావాలంటే సోచిమిల్కో పడవలో పూల మధ్య నిలబడ్డది వేయండి. చూద్దామనుకునే పాఠకులు ఉంటే ముందు ‘ఫ్లోర్ సిల్వెస్ట్రె’ చూసి ఆ తర్వాత ‘మరియా కాండెలారియా’ చూడండి, ఆ వరసలో చూస్తేనే ఆవిడ ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చారో తెలుస్తుంది.

ఇట్లు
పాతికేళ్లుగా మీ పాఠకురాలు
రాజమహేంద్రవరం